చిన్నదాని ముక్కులో సీసం

ఆ విమానానికి కాగితాల మీద ఒక పొడవాటి పేరుంది. కొన్ని అక్షరాలు, కొన్ని అంకెలు, మధ్యలో ఒక గీత. మంత్రిగారు చూడ్డానికి వచ్చినప్పుడు తప్ప ఆ పేరు ఎవరూ వాడలేదు. తయారుచేసేవాళ్లంతా దాన్ని "చిన్నది" అనే పిలిచారు.

నిజంగానే చిన్నది. ఒకే ఇంజను, ఒకే మనిషికి చోటు, వెనక్కి వాలిన పొట్టి రెక్కలు. ఒళ్లు చాలామటుకు లోహం కాదు. కార్బన్ నారను జిగురుతో పొరలు పొరలుగా అతికించి, గదంత పొయ్యిలో కాల్చి తీసినది. దానికి అప్పజెప్పిన పనులు మాత్రం చిన్నవి కావు. పొద్దున రెక్కల కింద క్షిపణులు తగిలించుకుని ఆకాశానికి కాపలా కాయాలి. మధ్యాహ్నం అవే కొక్కేలకు బాంబులు తగిలించుకుని నేలమీది లక్ష్యాల మీదికి పోవాలి. మర్నాడు బాంబుల చోట కెమెరా కట్టుకుని, సరిహద్దు అవతల ఏం కదులుతోందో ఫొటోలు తీసుకురావాలి. పొట్టి రన్‌వే మీద దిగాలి, నలుగురైదుగురు మెకానిక్కుల చేతుల మీదుగా మళ్లీ లేవాలి. ఇవన్నీ చేస్తూ, పెద్ద యుద్ధవిమానాలు కొనే తాహతు లేని దేశాలు కూడా కొనుక్కోగలిగేంత చవగ్గా ఉండాలి.

ఇదంతా ఎలా కుదురుతుందని ఎవరైనా అడిగితే ముఖ్య డిజైనరు ఒకే సమాధానం చెప్పేవారు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు.

"బరువు పెరిగితే పెద్ద ఇంజను కావాలి. ఇంజను పెద్దదైతే ఎక్కువ తాగుతుంది. అంత ఇంధనం మొయ్యడానికి పెద్ద రెక్కలు కావాలి. ఆఖరికి వేరేవాళ్లు ఎప్పుడో చేసి పడేసిన పెద్ద విమానాన్నే మనం ఇప్పుడు కష్టపడి చేసినట్టవుతుంది. అందుకని తేలిగ్గా ఉండాలి. అంతే."

అందరూ నిజమే నిజమే అని తలలూపారు. ఊపి, ఎవరి గదికి వాళ్లు వెళ్లి, మా విభాగంలో మాత్రం కాస్త ఎక్కువ పట్టేట్టుందని కబురు పంపడం మొదలుపెట్టారు.

వాళ్లకి కాదని చెప్పడం ఒక ఆవిడ ఉద్యోగం. ఆమె బరువుల విభాగానికి అధిపతి. హ్యాంగర్ తలుపు దగ్గర నేలలో పాతిన పెద్ద తూకపు బల్ల ఉండేది. లోపలికి పోయే ప్రతి వస్తువూ, మేకు దగ్గర్నుంచి రెక్క దాకా, దాని మీద ఒక్క నిమిషం కూర్చుని పోవాల్సిందే. అందుకే ఆమెకు తక్కెడమ్మ అని పేరు పడింది. మొదట్లో చాటుగా అనేవారు. ఒకసారి ఆమే ఫోన్ ఎత్తి "తక్కెడమ్మని మాట్లాడుతున్నాను, చెప్పండి" అనేసరికి ఇక చాటు అవసరం లేకపోయింది.

ఆమె పట్టుదలకు కథలు చెప్పుకునేవారు. రంగు వేసేవాళ్లు రెండు పూతలు వేస్తామంటే ఒకటి చాలంది. వైర్లు కట్టేవాళ్లు ఎందుకైనా మంచిదని వదిలిన తోకలన్నీ కత్తిరించి, ఒక బస్తాలో పోసి, ఆ బస్తాను తూచి, వాళ్ల బల్ల మీద పెట్టి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆమె హ్యాంగర్‌లోకి వస్తుంటే కొందరు చేతిలో ఉన్నది వెనక్కి దాచుకునేవారు, అది టీకప్పు అయినా సరే.

ఇంతమందికి కాదని చెప్పిన మనిషికి ఒకే ఒక్క చోట ఇబ్బంది వచ్చింది. రాడార్ విభాగానికి అధిపతి ఆమె భర్త.

పెళ్లయిన కొత్తలోనే ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆఫీసు మాటలు ఇంట్లో ఎత్తకూడదు. ఆఫీసులో ఆయన ఆమెను "మేడమ్" అనేవాడు, "మీరు" అనేవాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే "నువ్వు" అనేవాడు. ఆమె ఇంట్లో "ఏవండీ" అనేది, ఆఫీసులో "సర్" అనేది. ఈ ఏర్పాటు చాలాకాలం ఏ గొడవా లేకుండా నడిచింది.

గొడవ ఒక పెట్టెతో వచ్చింది. ఒక మోస్తరు సూట్‌కేసంత ఉండే ఆ పెట్టె రాడార్ వెనకాల, విమానం ముక్కులో కూర్చోవాలి. అది లేకపోతే రాడార్ ఒకసారి ఒకే పని చేస్తుంది. పైలట్ మీట నొక్కి ఆకాశం అంటే ఆకాశాన్ని చూస్తుంది, నేల అంటే నేలను చూస్తుంది. పెట్టె ఉంటే రెండూ ఒకేసారి చూస్తుంది. దాన్ని చల్లబరిచే గొట్టాలతో కలిపి బరువు ఇరవై రెండు కిలోలు. ముందు ఒప్పుకున్న లెక్కలో ఆ పెట్టె లేదు.

సమావేశంలో ఆయన లేచి నిలబడి చెప్పాడు.

"మేడమ్, బాంబు వెయ్యడానికి కిందికి వెళ్లిన పైలట్ నేలనే చూస్తూ ఉంటాడు. ఆ సమయంలో పైనుంచి ఎవడైనా వస్తే కనబడడు. అన్ని పనులూ చేసే విమానం అని మనం చెప్పుకుంటున్నాం. ఒక పని చేస్తున్నప్పుడు రెండో పనికి కళ్లు మూసుకుంటే దాన్ని అలా ఎలా అంటాం?"

"మీరు చెప్పింది నిజమే సర్," అందామె. "కానీ ఇరవై రెండు కిలోలు ఎక్కడినుంచి తెస్తారు?"

"అది మీరు చూడాలి."

"నేను చూశాను. లేవు."

గదిలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా తమ ముందున్న గ్లాసుల్లోకి చూడటం మొదలుపెట్టారు. వైమానిక దళం తరఫున వచ్చి కూర్చునే కమాండర్ మాత్రం సరదాగా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని, "బరువుల సంగతి ఆవిడ ఇష్టం" అని లేచి వెళ్లిపోయారు.

భర్త మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. మర్నాడు ఆమెను తన ప్రయోగశాలకు పిలిచాడు. తెర మీద ఒక నమూనా చూపించాడు: కొండల మధ్య చిన్నది దిగుతోంది, నేలమీద లక్ష్యం వెలుగుతోంది, పక్కనుంచి వస్తున్న శత్రువిమానం మాత్రం తెర మీద లేదు. తర్వాత పెట్టె కలిపి చూపించాడు. శత్రువిమానం ఎర్రగా కనిపించింది. ఆమె రెండుసార్లు చూసింది. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదని ఆమెకు అర్థమైంది. అంతే బరువు అడుగుతూ వేరే విభాగం వాళ్లు వచ్చి ఉంటే ఏం చెప్పేదాన్నో అని కాసేపు ఆలోచించింది. వాళ్లకూ కాదనే చెప్పేది. కాబట్టి ఈయనకూ కాదనే చెప్పింది.

ఆయన ఒంటికాలి మీద లేస్తాడనుకుంది. లేవలేదు. "సరే మేడమ్" అన్నాడు. ఆ వారంలోనే పెట్టె పని ఆపించి, దాని మీద పనిచేస్తున్నవాళ్లను వేరే పనులకు పంపేసి, సగం అయిన పెట్టెకు గుడ్డ కప్పి అటక మీద పెట్టించాడు.

పెట్టె అటకెక్కిన రోజు సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర ఆయన, "ఆ ఉప్పు ఇటు అందిస్తారా?" అన్నాడు.

ఎవరితో అంటున్నాడో ఆమెకు మొదట తెలియలేదు. బల్ల దగ్గర ఉన్నది ముగ్గురు. మూడో మనిషి ఆమె అత్తగారు. బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ కుర్చీలో వెన్ను ఆనించకుండా కూర్చుంటుంది. కొడుకు తల్లిని ఎప్పుడూ "మీరు" అనడు. అంటే ఆ "మీరు" పెళ్లానికే.

ఆమె ఉప్పు అందించింది. "ఇదిగోండి సర్" అంది.

అత్తగారు చెంచా కింద పెట్టింది.

"ఏంట్రా, పెళ్లాన్ని మీరు అంటున్నావు? ఇది ఇల్లా, బడా?"

"పొరపాటున వచ్చిందమ్మా."

"నీకు పొరపాటున వస్తే, దీనికి సర్ అని ఎందుకొచ్చింది?"

అత్తగారు కంచం పక్కకి జరిపింది.

"ఏమైంది మీ ఇద్దరికీ? ఎవరో ఒకళ్లు చెప్పండి."

కోడలు ఉప్పుగిన్నె మూత పెడుతూ, "ఇరవై రెండు కిలోలు అత్తయ్యా" అంది.

అత్తగారు కొడుకు నడుం వైపు ఒకసారి, కోడలి నడుం వైపు ఒకసారి పరీక్షగా చూసింది. "ఎవరు పెరిగారు?" అని అడిగింది.

చాలా వారాల పాటు ఆ ఇంట్లో అందరూ ఎంతో మర్యాదగా ఉన్నారు. తలుపు తీసి పట్టుకునేవారు. దయచేసి అనేవారు. ఆయన గట్టిగా అరిచి ఉంటే తనూ గట్టిగా అరిచేదాన్నని, అప్పుడు ఒక్క పూటలో తేలిపోయేదని ఆమెకు అనిపించేది. ఈ మర్యాద ఆమె ప్రాణం తోడేసింది. అయినా నిర్ణయం మార్చుకోలేదు. మార్చుకుంటే మర్నాటినుంచి ప్రతివాడూ తన పెట్టె చంకన పెట్టుకుని వస్తాడు.

అప్పుడు ఇంజను వచ్చింది.

ఇంజను మాత్రం వాళ్లు చేసుకున్నది కాదు; వేరే దేశం కంపెనీ దగ్గర కొన్నది. పెద్ద చెక్కపెట్టెలో, ఒక ప్రతినిధిని వెంటబెట్టుకుని వచ్చింది. దాన్ని క్రేనుతో లేపి తూకపు బల్ల మీద పెట్టారు. తక్కెడమ్మ అంకె చూసింది. దించమంది. బల్లను సున్నాకు తెచ్చి మళ్లీ పెట్టమంది. అదే అంకె. బల్ల మీద తన డ్రైవరును నిలబెట్టి తూచింది. అతని బరువు సరిగ్గానే చూపించింది, అతను మాత్రం అంత ఉండనని వాదించాడు.

ఇంజను ఒప్పందంలో ఉన్నదానికన్నా చాలా బరువుంది.

"మీరు అడిగినదానికన్నా బలంగా చేశాం," అన్నాడు ప్రతినిధి.

"మేం అడగలేదే."

"అందుకే దానికి అదనంగా ఏమీ తీసుకోవడం లేదు."

ఇంజను తిప్పి పంపే వీలు లేదు. ఇంకోటి రావాలంటే ఏడాది దాటుతుంది. మొదటిసారి ఎగరడానికి ప్రభుత్వం ప్రకటించిన రోజు నెత్తి మీదికి వచ్చేసింది. తక్కెడమ్మ తన గదిలోకి వెళ్లి తలుపేసుకుని లెక్క వేసింది. విమానాన్ని ఒక్క వేలి మీద నిలబెట్టగలిగితే ఆ వేలు ఎక్కడ పెట్టాలో, ఆ చోటు ఎప్పుడూ ఒక చిన్న హద్దులోనే ఉండాలి. చిన్నదానికి ఇంజను తోకలో ఉంటుంది. తోక బరువెక్కితే ఆ చోటు వెనక్కి జరుగుతుంది. ఎక్కువ వెనక్కి జరిగితే విమానం ముక్కు పైకెత్తుకుంటుంది, విమానాన్ని అదుపులో ఉంచే కంప్యూటర్లు కూడా దాన్ని కిందికి దించలేవు. దీనికి అందరికీ తెలిసిన మందు ఒక్కటే. ముక్కులో బరువు పెట్టాలి. పనికొచ్చే బరువేం కాదు, ఉత్త సీసం.

ఎంత సీసమో లెక్క తేలగానే ఆమె దాన్ని మళ్లీ మొదటినుంచి వేసింది. ఇరవై మూడు కిలోలు.

ఆ మధ్యాహ్నం ఆమె భోజనం చెయ్యలేదు. ముందు పెద్దాయన దగ్గరికి వెళ్లడం పద్ధతి. ఆమె ఆ పద్ధతి తప్పి, రెండంతస్తులు మెట్లెక్కి రాడార్ ప్రయోగశాలకు వెళ్లింది. ఆయన భూతద్దం కింద ఏదో పలకను చూస్తున్నాడు. తల ఎత్తకుండానే "చెప్పండి మేడమ్" అన్నాడు.

"ఇంజను బరువొచ్చింది."

"విన్నాను."

"ముక్కులో సీసం పెట్టాలి."

ఆయన తల ఎత్తాడు. "ఎంత?"

ఆమె చెప్పింది. ఆయన భూతద్దం దీపం ఆర్పాడు.

"సీసమా?"

"సీసం."

"సీసానికి ఏమైనా కనబడుతుందా?"

"కనబడదు," అందామె.

పక్క బల్లల దగ్గర ఉన్నవాళ్లు ఏదో పనున్నట్టు ఒక్కొక్కరే బయటికి వెళ్లిపోయారు. ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆఫీసులో ఎప్పుడూ ఏడ్చి ఎరగని మనిషి, ఇప్పుడు కూడా ఏడవకుండా ఉండటానికి ఎదురుగా గోడ మీద ఉన్న అగ్నిమాపక సూచనలు మొదటినుంచి చివరి దాకా చదివింది.

"ఆ పెట్టె ఎప్పటికవుతుంది?" అని అడిగింది.

"ఆపించేశాం కదా. పనివాళ్లు చెదిరిపోయారు. ఇప్పుడు మొదలుపెట్టినా మొదటిసారి ఎగిరేనాటికి కాదు. తర్వాత కొన్ని నెలలకు."

"అయితే మొదట సీసంతోనే ఎగరాలి."

"ఎగరాలి." ఆయన లేచి, అటక మీంచి పెట్టెను దించి, గుడ్డ తీసి, దుమ్ము ఊదాడు. దాన్ని బల్ల మీద ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పి చూశాడు. "ఒక పని చెయ్యి. సీసాన్ని కడ్డీలుగా పెట్టించొద్దు. ఈ పెట్టె అడుగు ఆకారంలోనే పలచటి పలకగా పోత పోయించు. ఇవే బోల్టులు, ఇదే చోటు. పెట్టె తయారైన రోజు సీసం తీసి దీన్ని పెట్టేస్తే సరిపోతుంది. విమానానికి తేడా తెలియదు."

"చెయ్యి" అన్నాడని ఆమె గమనించింది. "చెయ్యండి" అనలేదు.

"ఒక కిలో తేడా వస్తుందండీ," అంది.

"ఆ కిలో సీసం నీ ఇష్టం. ఎక్కడైనా పెట్టుకో."

మర్నాటి సమావేశంలో ఆమె కుండ బద్దలు కొట్టినట్టు అంతా చెప్పింది. ఇంజను ఎంత ఎక్కువ వచ్చిందో, ముక్కులో ఎంత పెట్టాలో, అది ఎవరి పెట్టెతో ఎంత దగ్గరగా సరిపోతోందో. చెప్పి, సీసాన్ని ఆ ఆకారంలో పోయించడానికి అనుమతి అడిగింది. గదిలో గుసగుస మొదలైంది. కమాండర్ నవ్వు ఆపుకుంటూ, "మొత్తానికి ఇంట్లో సర్దుకున్నట్టున్నారు" అన్నాడు.

"లేదండీ," అంది తక్కెడమ్మ. "ఇంజను మారింది. అప్పుడు పెట్టెకి చోటు లేదన్నాను, లేదు. ఇప్పుడు ఉందంటున్నాను, ఉంది. నేను మారలేదు."

"అంటే ఇంట్లో ఇంకా సర్దుకోలేదా?"

ఆమె పెద్దాయన వైపు తిరిగి, "ఈ ప్రశ్నకి జవాబు ఇవ్వాలా సర్?" అని అడిగింది. పెద్దాయన అక్కర్లేదన్నారు. కమాండర్ ఆ తర్వాత గ్లాసులోకి చూశాడు.

ఇంట్లో ఆ సాయంత్రం పాత ఒప్పందం పుటుక్కుమంది. ఆయనే ముందు తెంచాడు. పెట్టెకు వెనకవైపు బోల్టులు పెడితే మెకానిక్కు చెయ్యి దూరుతుందా లేదా అని భోజనం మధ్యలో అడిగాడు. ఆమె బల్ల మీద రెండు గిన్నెలు బోర్లించి ముక్కు చేసింది, గరిటెను రాడార్ చేసింది. అత్తగారి చెయ్యి అడిగి పుచ్చుకుని గిన్నెల మధ్య దూర్చింది.

"దూరుతోంది," అంది అత్తగారు. "తీయడమే కష్టంగా ఉంది."

"అదే నేనూ అంటున్నానమ్మా," అన్నాడు కొడుకు. బోల్టులు పక్కకు మార్చారు.

సీసం పోత పోసినరోజు పోతపనివాళ్లు తమాషాగా చూశారు. అంత జాగ్రత్తగా, మూలలు గీసి, బోల్టు రంధ్రాలు సరిచూసి, ఒక ఉత్త సీసపు పలకను ఇద్దరు పెద్ద ఇంజనీర్లు దగ్గరుండి చేయించుకోవడం వాళ్లు ఎక్కడా చూడలేదు. పలకకు బూడిదరంగు వేశారు. ఒకే పూత.

మొదటిసారి ఎగిరే రోజు పొద్దున కుటుంబాలన్నిటినీ రన్‌వే పక్కన గుడారం కింద కూర్చోబెట్టారు. అత్తగారు ముందు వరసలో, వెన్ను ఆనించకుండా కూర్చుంది. తక్కెడమ్మ మాత్రం కూర్చోలేకపోయింది. చేతులు కట్టుకుని గుడారం కొయ్యకు ఆనుకుని నిలబడింది. లెక్కలో తప్పు ఉంటే చిన్నది నేల వదిలిన మొదటి క్షణంలోనే తెలుస్తుంది. ముక్కు అదుపు తప్పి లేస్తుంది. లోపల కూర్చున్న మనిషికి ఇద్దరు ఆడపిల్లలు, వాళ్లు అదే వరసలో కూర్చుని చెరో ఐస్‌క్రీం తింటున్నారు.

ఆ టెస్ట్ పైలట్ చాలా తక్కువ మాట్లాడే మనిషి. ఏ విమానం ఎలా ఉందని అడిగినా "పర్వాలేదు" అనేవాడు. ఒకసారి చక్రం ఊడి పడి, రన్‌వే మీద నిప్పులు కక్కుతూ ఆగిన విమానంలోంచి దిగి కూడా అదే మాట అన్నాడని చెప్పుకునేవారు.

చిన్నది రన్‌వే చివర నిలబడి గర్జించింది. కదిలింది. పరుగెత్తింది. అనుకున్నదానికన్నా ముందే చక్రాలు నేల వదిలాయి. ముక్కు లేచింది, లేవాల్సినంత లేచి ఆగింది. పొట్టి రెక్కల మీద ఎండ తళుక్కుమంది. విమానం నిటారుగా మేఘం వైపు పోయి, వెనక్కి తిరిగి, వాళ్ల తలల మీదుగా చెవులు బద్దలయ్యే శబ్దంతో దూసుకుపోయింది. ఐస్‌క్రీం తింటున్న చిన్నపిల్ల చెవులు మూసుకోబోయి దాన్ని జారవిడిచింది.

దిగాక అందరూ పైలట్ చుట్టూ మూగారు.

"ఎలా ఉంది?" అని అడిగారు పెద్దాయన.

"పర్వాలేదు," అన్నాడు పైలట్.

పెద్దాయన అతన్ని కౌగిలించుకుని ఏడ్చారు. తక్కెడమ్మ భర్త గుంపులోంచి బయటికొచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. కాసేపయ్యాక ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆఫీసు ఆవరణలో అది మొదటిసారి.

కొన్ని నెలలకు పెట్టె తయారైంది. సీసం తీసి దాన్ని బిగించారు. మిగిలిన కిలో సీసాన్ని తక్కెడమ్మ ముక్కు కొసన ఒక పలకగా అతికించింది. ఈసారి పరీక్ష కాస్త కష్టమైనది. పైలట్ కొండల మధ్య నేలమీద పెట్టిన పాత లారీని గురిచూడాలి. అదే సమయంలో కమాండర్ తన పెద్ద విమానంలో, ఎటునుంచి వస్తాడో చెప్పకుండా, అతన్ని వెంటాడాలి. ఆ రోజు కమాండర్ మంచి హుషారుగా బయల్దేరాడు. కొండ వెనక నక్కి, సూర్యుణ్ణి వెనకేసుకుని పైనుంచి దిగుదామనుకున్నాడు. ఆయన ఇంకా దిగకముందే రేడియోలో పైలట్ గొంతు వినిపించింది.

"కమాండర్ గారూ, కుడివైపు పైన ఉన్నారు. మీ కింద కరెంటు తీగలున్నాయి, చూసుకోండి."

అతని సర్వీసులో రేడియోలో మాట్లాడిన అతి పొడుగు మాట అదేనని అన్నారు. లారీ కూడా పోయింది. కమాండర్ దిగి వచ్చి, హెల్మెట్ చంకన పెట్టుకుని, తిన్నగా రాడార్ ప్రయోగశాలకు వెళ్లి, ఆ పెట్టె లేకుండా ఈ విమానాన్ని మా దళం తీసుకోదని చెప్పేశాడు. తానెప్పుడూ అదే అంటున్నానని కూడా అన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఇక అంతా సుఖాంతమే అనుకుంటున్నప్పుడు ఇంజను కంపెనీ ప్రతినిధి నవ్వుకుంటూ మళ్లీ వచ్చాడు. మీరు బాధపడ్డారని మా వాళ్లు కష్టపడి బరువు తగ్గించారు, దళానికి చేసే విమానాలన్నిటికీ ఒప్పందంలో ఉన్న బరువుకే ఇంజన్లు ఇస్తాం, అన్నాడు. చప్పట్లు కొడతారని చూశాడు. తక్కెడమ్మ కుర్చీలో కూలబడింది. ఇప్పుడు తోక తేలికైంది. అంటే ముక్కులో పెట్టెకు మళ్లీ చోటు లేదు.

ఈసారి ఆమె కాదని చెప్పలేదు. ఇంటికెళ్లి, మళ్లీ గిన్నెలు బోర్లించలేదు కూడా. చిన్నదాని కడుపులో ఏముందో ప్రతి వస్తువూ ఆమెకు బరువుతో సహా నోటికి వచ్చు. ముక్కులోంచి ఏది తీసి తోకకి పంపవచ్చని రోజుల తరబడి హ్యాంగర్‌లో విమానం చుట్టూ తిరిగింది. ఆఖరికి బ్యాటరీ దొరికింది. అది సీటు ముందు, పెట్టె కిందే ఉంది. దాన్ని తీసి తోకలో ఇంజను పక్కన పెడితే లెక్క సరిపోతుంది. విద్యుత్ విభాగం వాళ్లు వైరు పొడుగవుతుందని గొణిగారు. ఎంత పొడుగవుతుందో, దాని బరువెంతో ఆమే చెప్పింది. వాళ్లు వైరు చుట్ట విప్పారు. పెట్టె ముక్కులో ఉండిపోయింది. చిన్నది దళంలో చేరింది.

తక్కెడమ్మ భర్త ఆ సంగతి విన్నరోజు సాయంత్రం ఇంటికి వస్తూ ఆమెకు కొత్త చెప్పులు తెచ్చాడు. సైజు తప్పు. ఆమె మార్చుకోకుండా అవే వేసుకుంది.

దళంలో చేరిన కొన్నాళ్లకు ఒక మెకానిక్కు ఫోన్ చేసింది. ఆమెకు గొంతులో కోపం దాచుకోవడం చేతకాలేదు.

"బ్యాటరీ అక్కడ పెట్టింది ఎవరో గానీ ఒకసారి వచ్చి మార్చి చూడమనండి."

"నేనే పెట్టాను," అంది తక్కెడమ్మ. "వస్తాను."

మర్నాడు వెళ్లింది. నేలమీద గోనెపట్టా వేసుకుని, వెల్లకిలా పడుకుని, చిన్నదాని తోక కిందికి దూరింది. బ్యాటరీ తీయడానికి అక్కడ కోసిన చిన్న తలుపులోంచి చెయ్యి పైకి పెట్టి తడిమింది. బోల్టు దొరికింది గానీ పానా తిరగలేదు. ఇంకోవైపునుంచి ప్రయత్నించింది. మోచెయ్యి గీసుకుపోయింది. మెకానిక్కు పక్కనే గొంతుకూర్చుని, సాయం చెయ్యకుండా, చూస్తూ ఉంది. బ్యాటరీ చేతిలోకి వచ్చేసరికి తక్కెడమ్మ ముఖమంతా గ్రీజు. కాసేపు అలాగే పడుకుని ఆయాసం తీర్చుకుంది.

"తలుపు చిన్నదైపోయింది," అంది కిందినుంచే.

"అదే కదమ్మా మేం అంటున్నది."

"ఈ పక్కకి ఇంకో జానెడు కొయ్యాలి. కొస్తే అంచుకు బద్ద వెయ్యాలి, లేకపోతే ఒళ్లు వణుకుతుంది. బద్దకు బరువుంటుంది."

"ఎంతుంటుందేంటి?"

తక్కెడమ్మ చెప్పింది.

"అంతేనా? అయితే ఇస్తారా?"

"ఇస్తాను," అందామె. బయటికి పాక్కుంటూ వచ్చి లేచి, ఒళ్లు దులుపుకుని, తలుపు ఎక్కడిదాకా కొయ్యాలో సుద్దముక్కతో ఆమే గీసింది. కాస్త వెనక్కి జరిగి చూసి, ఆ గీత చెరిపి, ఇంకొంచెం పెద్దదిగా గీసింది.